గ్రీమ్స్‌పేట నేలమాళిగ

మైదా ఉడకబెట్టేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వెయ్యాల.
లేదంటే బొద్దింకలొచ్చి
కోటగోడని రాత్రికి రాత్రే తినేస్తాయి.
ఇది నాకు నేర్పింది ఏ మాంత్రికుడూ కాదు,
ప్రెస్సులో బైండింగు చేసే చెంగల్రాయులు మామ.

మిట్టూరు ప్రెస్సులో నాది కటింగు మిషను.
పొద్దస్తమానం పెళ్లికార్డుల అంచులు కోస్తాను.
అచ్చుతప్పులు పడినవి, రంగు జారినవి,
అడ్వాన్సు కట్టి మళ్లీ ఎవరూ అడగనివి
సైకిలు క్యారియరుకి కట్టుకొని
గ్రీమ్స్‌పేటలో మా మిద్దెమీది రేకుల గదికి చేరుస్తాను.

గడి అంటే అంగుళం.
అంగుళంలో ఒక మనిషి నిలబడతాడు.
గోడ రెండంగుళాలు, అంతకు మించితే
అవతల కూర్చున్న ఇలియాజుకి లోపలేముందో కనబడదు.
రీఫిల్ అయిపోయిన పెన్నుతో ముందు గీత గీసి
ఆ గీత మీదే మడవాల.
గీత లేకుండా మడిస్తే అట్ట
తనకి తోచిన చోట విరుగుతుంది,
మా చిన్నాయన మాట మాదిరి.

రాతి రంగుకి నలిపిన దినపత్రికతో అద్దకం.
దానికోసం ఒక ఆదివారం చంద్రగిరి పోయి
కోటగోడ ముందర గంటసేపు నిలబడినాను,
సున్నం ఎక్కడ రాలింది, నాచు ఏ వైపు పట్టింది అని.
"ఏం పోగొట్టుకున్నావమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

నాచుకి వాడేసిన టీపొడి.
తుప్పుకి పసుపులో సున్నం.
కటకటాలకి కాలిపోయిన అగరుబత్తి పుల్లలు.
అడుగులేని బావికి కార్బన్ కాగితం,
ఎంత తొంగి చూసినా అంతే నలుపు.

శనివారం షాపులు మూసినాక వస్తారు.
మెడికల్ షాపు ఇలియాజు కత్తి పట్టిన వీరుడు,
అసలు మనిషి సూది చూస్తే కళ్లు మూసుకుంటాడు.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే హేమాద్రి, దొంగ.
నర్సు నిరోషాకి గాయాలు మాన్పే మంత్రం తెలుసు, కానీ
డ్యూటీ దిగి నేరుగా వస్తుంది కాబట్టి
"ఈ పూట ఎవురికీ వైద్యం చెయ్యను" అని చెప్పి మరీ కూర్చుంటుంది.
కథ నడిపేది నేను.

ఆ రాత్రి ఇరవై ముఖాల పాచిక
దొర్లి దొర్లి బొరుగుల పొట్లానికి తగిలి
పద్దెనిమిది దగ్గర ఆగింది.
దొంగకి రహస్యపు తలుపు దొరికింది.
పక్క గది చూపించడానికి గోడ ఎత్తినాను.

గోడ వెనక వైపు నాకు గుర్తు లేదు.
ఉండాల్సింది.
"...రంజీవి హేమాద్రి" అని బంగారు అక్షరాలు,
కింద ముహూర్తం, నిమిషాలతో సహా.
రెండో పేరు నేను కోసిన అంచులో పోయింది.

పోయిన వైశాఖంలో ఐదువందల కార్డులు
ఎవరూ వచ్చి తీసుకోలేదు.
హేమాద్రులు ఊళ్లో ఎంతమందో అనుకున్నానని
చెప్పుకోవచ్చు.
నిజంగా అయితే ఏమీ అనుకోలేదు,
మంచి మందం అట్ట అనుకున్నాను.

ఇలియాజు పొట్లం మడిచి మళ్లీ విప్పినాడు.
గాలికి రేకు ఒకసారి టపటపలాడింది.

హేమాద్రి గోడని నా చేతిలోంచి తీసుకొని
బల్బుకి అడ్డం పట్టి చూసినాడు.
"ఎన్ని పొరలు?"
"మూడు."
"అయితే ఊడదులే."
ఉన్న చోటనే నిలబెట్టినాడు,
రాళ్లు మా వైపు, అక్షరాలు చీకటి వైపు.
తన కాగితపు మనిషిని ఒక గడి ముందుకి జరిపి
"తలుపుకి ఉచ్చేమన్నా ఉండాదేమో చూస్తా" అన్నాడు.

పాచిక వేసినాడు.
నాలుగు.
అందరికీ కనబడింది.
నేను పద్నాలుగు అనుంటే ఎవరూ కాదనరు.
"ఉచ్చుంది, తొమ్మిది దెబ్బలు" అన్నాను.
పెన్సిలు మొన నాకి రాసుకున్నాడు.

నిరోషా చెప్పులు వెతుక్కోవడం ఆపి
మళ్లీ చాప మీద కూర్చునింది.
"ఏదీ, ఆ చెయ్యి ఇట్టా పెట్టు" అంది,
"ఈ ఒక్కసారికే."